మొక్క తెచ్చింది ఒకరు, పేరు ఇంకొకరిది

బెంగళూరులో మా ఇంటి తూర్పు కిటికీ దగ్గర కుండీల్లో ఊదారంగు పూల మొక్కలున్నాయి. కేప్ ప్రిమ్‌రోజ్ అంటాం గానీ ఇది ప్రిమ్‌రోజ్ కుటుంబానిది కానేకాదు, ఆఫ్రికన్ వయొలెట్‌కి దగ్గర చుట్టం. కాయ మెలితిరిగి ఉంటుంది కాబట్టి శాస్త్రంలో స్ట్రెప్టోకార్పస్ అన్నారు.

దీని పుట్టిల్లు ఆఫ్రికా. క్యూ తోటల కోసం మొక్కలు వెతుకుతూ కేప్‌కి వెళ్లిన జేమ్స్ బోవీకి 1818లో నైస్నా ప్రాంతంలో ఈ జాతి మొక్క ఒకటి దొరికింది. దానికి రెక్సీ అని పేరు పెట్టారు. అది అక్కడి భూస్వామి జార్జ్ రెక్స్ పేరు. బోవీనేమో 1823లో ఖర్చు తగ్గించాలని వెనక్కి పిలిచేశారు.

ఇప్పుడు ఇళ్లలో ఉండేవి చాలావరకు సంకరాలే. గింజ వేస్తే తల్లిపోలిక రాకపోవచ్చు, అందుకే ఆకుతోనే పెంచుతాం. ముదరని ఆకుని నడి ఈనె తీసేసి నిలువుగా రెండు చేసి, కోసిన అంచుని తడిమట్టిలో గుచ్చితే అంచు వెంట పిల్లమొక్కలు లేస్తాయి. పైమట్టి ఆరాకే నీళ్లు పోయాలి, లేకపోతే కుళ్లిపోతుంది. ఎర్రటెండ అసలు పనికిరాదు.

మా ఇంటికి మొదటి ఆకు ఎవరిచ్చారని అడిగితే పెద్దవాళ్లు తలా ఒక పేరు చెప్తున్నారు. అందుకని ఇప్పుడు ఎవరికైనా పిల్లమొక్క ఇస్తే, ఎవరి ఇంటినుంచి ఎవరి ఇంటికి, ఏ సంవత్సరమో కుండీ మీద రాసే ఇస్తున్నాం.