క్లినికల్ ఇమ్యునాలజీ: రక్తపరీక్ష వెనుక ఉన్న చదువు

ఇంటర్మీడియట్‌లో బైపీసీ పూర్తిచేసి, చెన్నై వెళ్ళి మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ చదవదలచిన విద్యార్థులు మన సరిహద్దు మండలాలలో ఏటా కనిపిస్తారు. ఆ చదువులో క్లినికల్ ఇమ్యునాలజీ ఒక ముఖ్యమైన పాఠ్యాంశం. అది ఏమి నేర్పుతుందో, దానిని ఎందుకు శ్రద్ధగా చదవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

విషయ స్వరూపం

శరీరంలో రోగనిరోధక స్పందనను మేల్కొలిపే పరాయి పదార్థాన్ని ప్రతిజనకం, అనగా యాంటిజెన్ అంటారు. దానికి ప్రతిగా శరీరం తయారుచేసే ప్రోటీన్ ప్రతిరక్షకం, అనగా యాంటీబాడీ. తాళమూ తాళపుచెవీ వలె ఇవి ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఆ కలయికను కంటికి కనిపింపజేయడమే ల్యాబ్ పని. రక్తవర్గ నిర్ణయంలోనూ, టైఫాయిడ్‌కు 1896 నుండి వాడుకలో ఉన్న విడాల్ పరీక్షలోనూ అది గుంపుగా చేరిన రేణువులుగా కనిపిస్తుంది. 1971లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఎంగ్వాల్, పెర్ల్‌మన్ ప్రకటించిన ఎలీసా పరీక్షలో రంగుగా కనిపిస్తుంది.

ఎలీసాలో సాధారణంగా 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలక వాడతారు. ప్రతిరక్షకాన్ని గుర్తించే పద్ధతిలో ఆ గుంటలలో ప్రతిజనకం ముందే అతికించి ఉంటుంది. రోగి సీరం వేసి, నిర్ణీత కాలం ఉంచి కడుగుతారు. ఎంజైము జతచేసిన మరొక ప్రతిరక్షకం వేసి మళ్ళీ కడిగి, చివరకు రంగునిచ్చే ద్రవం కలుపుతారు. కడగడంలో అశ్రద్ధ జరిగితే లేని వ్యాధి ఉన్నట్లు రంగు వస్తుంది.

మద్రాసు 1986

ఈ శాస్త్రం విలువ తెలిపే ఘట్టం మనకు సమీపంలోనే జరిగింది. మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ ఆచార్యులు డాక్టర్ సునీతి సోలమన్ సూచనపై, ఆమె విద్యార్థిని డాక్టర్ సెల్లప్పన్ నిర్మల నగరంలోని లైంగిక వృత్తి స్త్రీల రక్త నమూనాలు సేకరించారు. ఎయిడ్స్ మన దేశంలో ఉండదని పలువురు నమ్మిన రోజులవి. 1986 ఫిబ్రవరిలో ఆమె భర్తతో కలిసి, ఐసుపెట్టెలో నమూనాలతో రాత్రి రైలులో కాట్పాడి చేరి, వెల్లూరు సి.ఎం.సి. ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అక్కడి ఎలీసా పరీక్షలో ఆరు నమూనాలు పసుపు రంగుకు మారాయి.

వారు అంతటితో తృప్తిపడలేదు. పరీక్షను మళ్ళీ చేశారు. అమెరికాలో వెస్టర్న్ బ్లాట్ అనే వేరొక పద్ధతిలో నిర్ధారణ అయింది. భారతదేశంలో హెచ్.ఐ.వి. ఉనికి ఆ విధంగా రుజువైంది.

రెండవ పరీక్ష ఎందుకు?

ఒక లెక్క చూద్దాం. నూటికి 99 సార్లు సరిగా చెప్పే పరీక్ష ఉన్నదనుకొందాం. 10,000 మందిలో 10 మందికే వ్యాధి ఉన్నదనుకొందాం. ఆ పదిమంది దాదాపు అందరూ పాజిటివ్‌గా తేలుతారు. వ్యాధి లేని 9,990 మందిలో కూడా నూటికొకరు చొప్పున సుమారు 100 మంది పాజిటివ్‌గా తేలుతారు. అంటే పాజిటివ్ వచ్చిన పదకొండు మందిలో నిజమైన రోగి ఒక్కరే! అందువల్లనే, లక్షణాలు లేని వ్యక్తికి హెచ్.ఐ.వి. నిర్ధారించుటకు మన దేశంలో మూడు వేర్వేరు కిట్లతో పరీక్షించాలనే నియమం ఉన్నది.

నెగెటివ్ ఫలితం కూడా కాలాన్ని బట్టి అర్థం చేసుకోవలసినదే. డెంగ్యూలో ఎన్.ఎస్.1 యాంటిజెన్ జ్వరం వచ్చిన తొలి రోజులలో దొరుకుతుంది, ఐ.జి.ఎం. ప్రతిరక్షకం సుమారు ఐదవ రోజు నుండి కనబడుతుంది. జ్వరం ఎన్నవ రోజో వ్రాయని నమూనా చీటీ సగం చీటీ మాత్రమే.

చేరే ముందు

కళాశాలకు ఏ విశ్వవిద్యాలయపు లేదా ప్రభుత్వ సంస్థ గుర్తింపు ఉన్నదో, ఆసుపత్రి ల్యాబ్‌లో శిక్షణ ఇస్తారో లేదో ముందుగా విచారించండి. చెన్నై గిండీలోని డాక్టర్ ఎం.జి.ఆర్. వైద్య విశ్వవిద్యాలయం తమిళనాడు వైద్య విద్యకు ప్రధాన సంస్థ. ఈ వృత్తుల విద్యా ప్రమాణాలకై 2021లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. తెలుగు మాధ్యమంలో చదివినవారు ఆంగ్ల పదాలకు బెదరనక్కరలేదు. ప్రతి పదానికీ తెలుగు అర్థం నోటు పుస్తకంలో వ్రాసుకొంటే చాలు. రోగులతో మాట్లాడటానికి కొంత తమిళం కూడా నేర్చుకోవాలి.

యంత్రం అంకెను ఇస్తుంది. ఆ అంకెను నమ్మవచ్చునో లేదో తేల్చి చెప్పేది చదువుకొన్న టెక్నీషియనే. నివేదిక అందుకొనే కుటుంబానికి ఆ తేడా చాలా పెద్దది.