కార్చిచ్చునకు వాతావరణపు చిట్టా

మాఘమాసము దాటగానే భువనగిరి కొండ చుట్టునున్న గడ్డి పసుపువన్నెకు తిరుగును. దక్షిణమున, పాత మహబూబ్‌నగరు జిల్లాకు చెందిన అమ్రాబాదు నల్లమలలో చెట్లు ఆకు రాల్చును. ఫాల్గుణము మొదలు వైశాఖము వరకు అచ్చట నిప్పుల కాలము. ఈ కార్చిచ్చులలో అధికభాగము మనుష్యుల వలననే పుట్టును. ఇప్పపూలు ఏరుటకై నేల మీది ఆకులు కాల్చుదురు. తునికి చిగుళ్లకై పొదలకు నిప్పు పెట్టుదురు. ఆర్పని బీడీ విసరుదురు. అయితే అదే బీడీ ఒకనాడు తనంత తాను ఆరిపోవును, మరియొకనాడు కొండనంతను కాల్చును. ఈ భేదమునకు కారణము ఎండ, తేమ, గాలి, వాన. కావున రేగిన మంటలను ఎంచినంత మాత్రమున ప్రమాదము పెరిగినదో లేదో తెలియదు. మంటల లెక్క వేరు, వాతావరణపు లెక్క వేరు.

ఈ రెండవ లెక్క మన దేశమున అడవుల కొరకు పుట్టినది కాదు. మద్రాసు వేధశాలలో 1796 నుండి వాతావరణమును వ్రాసి ఉంచిరి. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతమున సొంత వేధశాలను నెలకొల్పగా, ఆయన అనంతరము అల్లుడు నరసింగరావు దానిని నడపెను. తుఫానులు, కరువులు కలిగించిన నష్టము చూచి ప్రభుత్వము 1875లో భారత వాతావరణ శాఖను స్థాపించెను. ఈ కొలతలేవియు అడవి నిప్పును దృష్టిలో ఉంచుకొని ఏర్పడినవి కావు.

ఆ లోపము నేటికిని బాధించుచున్నది. కెనడా దేశస్థులు 1970లో వెలువరించిన కార్చిచ్చు సూచికకు మిట్టమధ్యాహ్నపు ఉష్ణోగ్రత, తేమ, గాలివేగము, గడచిన 24 గంటల వర్షపాతము కావలెను. మన కేంద్రములు పెక్కింటిలో ఉదయము 8.30కు, సాయంత్రము 5.30కు మాత్రమే కొలతలు తీసిరి. గడ్డి గంటలోనే ఎండిపోగలదు. దానిని ఎండించు మధ్యాహ్నపు వేడిమి ఆ చిట్టాలో కనబడదు. ఆనాటి గరిష్ఠ ఉష్ణోగ్రతను బట్టి ఊహించుకొనవలసి యుండును.

పరికరముల సంగతి ఇంకను చిత్రమైనది. తడిబల్బునకు చుట్టిన గుడ్డ మురికిపట్టినచో నీరు సరిగా ఆవిరికాదు. బల్బు చల్లబడదు, గాలిలో లేని తేమ ఉన్నట్లు తోచును. గాలివేగమును కొలుచు గిన్నెల ఇరుసు అరిగినచో గిన్నెలు మెల్లగ తిరుగును. రెండు తప్పులును ఒకే వైపు మొగ్గును: ప్రమాదమును తక్కువ చేసి చూపును! పిదప ఒకనాడు పరికరము మార్చగానే వాతావరణమే ఒక్కసారి మారిపోయినట్లు చిట్టాలో మెట్టు ఏర్పడును. అందుచేతనే క్రొత్తదానిని, పాతదానిని కొంతకాలము ప్రక్కప్రక్కన నడుపుదురు. నల్లగొండ అంకెలను మహబూబ్‌నగరు, హైదరాబాదు అంకెలతో పోల్చుదురు. ఒక్కచోటనే మెట్టు కనబడినచో ముందుగ అనుమానింపవలసినది ఆకాశమును గాదు, పరికరమును.

1999లో టెర్రా, 2002లో ఆక్వా ఉపగ్రహములు ఎగిరిన తరువాత మంటలను పైనుండి గుర్తించుట మరింత సులభమైనది. పాత కొలతలను గణనయంత్రములతో కలిపి 1940 వరకు వాతావరణమును తిరిగి నిర్మించిన ఐరోపా చిట్టాయు కలదు. కాని దాని గడి ఒక్కొక్కటి సుమారు 31 కిలోమీటర్లు. అమ్రాబాదు పీఠభూమియు, దాని క్రిందనున్న కృష్ణ లోయయు ఒకే గడిలో పడవచ్చును. వాటిని విడదీయుటకు అచ్చటనే ఒక తడిబల్బు, దాని గుడ్డను మార్చు మనిషి కావలెను.