బందరులో పుట్టిన బ్యాంకు

మా నాన్నగారి ట్రంకుపెట్టెలో ఆంధ్రా బ్యాంకు పాసుపుస్తకం ఇంకా ఉంది. అట్ట అంచులు చిరిగాయి, సిరా వెలిసింది. ధాన్యం అమ్మిన డబ్బు జమలు మాత్రం చదవొచ్చు. 1923 నవంబరు 20న భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో రిజిస్టరు చేయించిన బ్యాంకది. ఆయనే పెట్టిన భారతలక్ష్మి బ్యాంకు 1964లో ఇందులోనే కలిసింది. 1980లో ఇది ప్రభుత్వపరమైంది. 2019 ఆగస్టు 30న విలీనం ప్రకటించగానే ఉద్యోగులు రోడ్డెక్కారు, ఆంధ్రుల ఆస్తిని మింగొద్దని జనం గొంతెత్తారు. అయినా ఆగలేదు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపేశారు. ఖాతాలు మిగిలాయి, పేరు పోయింది. మీ ఇంట్లో ఆ పాత పాసుపుస్తకం ఉంటే పారేయకండి. పిల్లలకు చూపించండి.