స్త్రీలలో మూత్రం ఆపుకోలేని సమస్య: వ్యాయామ చికిత్స

దగ్గినప్పుడో తుమ్మినప్పుడో, బరువెత్తినప్పుడో, మరుగుదొడ్డికి చేరేలోపో తన ప్రమేయం లేకుండా మూత్రం పడిపోవడాన్ని వైద్యులు యూరినరీ ఇన్‌కాంటినెన్స్ అంటారు. ఈ ఇబ్బంది ఉన్న స్త్రీలచేత కటి భాగం అడుగున ఉండే కండరాలను ఒక క్రమంలో బిగించి, వదిలే సాధన చేయించడమే వ్యాయామ చికిత్స. దీనికి పెల్విక్ ఫ్లోర్ వ్యాయామాలని, కెగెల్ వ్యాయామాలని పేర్లు. మందూ కోతా లేకపోవడంతో దీన్ని చాలామంది ఓ చిట్కాగానే లెక్కగడతారు. డెబ్బై ఏళ్లకు పైగా పోగైన ఆధారాలు మాత్రం దీన్ని మోతాదు, నైపుణ్యం, పర్యవేక్షణ ఉన్న పూర్తిస్థాయి చికిత్సగానే చూపుతున్నాయి. ఆ మూడూ సమకూరినచోట సగానికి సగం మంది స్త్రీలకు ఊరట దొరుకుతోంది. సమకూరనిచోట వ్యాయామం పనిచేయలేదనే ముందు, అసలు దాన్ని సరిగా నేర్పారా అని అడగాలి.

మూత్రం ఎందుకు జారుతుంది

ముందు జఘనాస్థి నుంచి వెనక తోక ఎముక వరకు కొన్ని కండరాలు నవారు మంచంలా పరుచుకుని మూత్రాశయాన్ని, గర్భసంచిని, పెద్దపేగు చివరి భాగాన్ని కింది నుంచి మోస్తుంటాయి. మూత్రనాళం వాటి మధ్య నుంచే కిందికి వస్తుంది. దగ్గు వచ్చిన క్షణంలో పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి మూత్రాశయాన్ని నొక్కుతుంది. కింది ఆధారం గట్టిగా ఉంటే మూత్రనాళం దానికి అదుముకుని మూసుకుపోతుంది. నవారు సడలితే అదుముకోవడానికి పట్టు దొరకదు, మూత్రం జారుతుంది. ఇది ఒత్తిడి రకం. మూత్రాశయపు గోడలోని కండరం వేళకాని వేళ ముడుచుకుని, ఆపుకోలేనంత తొందర పుట్టించడం రెండో రకం. రెండూ కలిసి ఉన్న స్త్రీలూ ఎక్కువే. సహజ ప్రసవంలో కండరాలు, వాటి నరాలు సాగడం, నెలసరి ఆగిపోయాక వచ్చే మార్పులు, అధిక బరువు, మానని దగ్గు, మలబద్ధకంతో ఏళ్ల తరబడి ముక్కడం ఈ సడలింపునకు దారితీస్తాయి. కారణాల్లో ఎక్కువ భాగం కండరానికి సంబంధించినవి, కండరమేమో సాధనతో బలపడేది. తొందర రకంలోనూ కటి కండరాలను గట్టిగా బిగించినప్పుడు మూత్రాశయం ముడుచుకోవడం నెమ్మదిస్తుంది. అందుకే ఒకే వ్యాయామం రెండు రకాలకూ పనికొస్తుంది.

చరిత్రలో జారిపోయిన సగం

బ్రిటన్‌లో మార్గరెట్ మోరిస్ 1936లోనే ఇలాంటి సాధనను సూచించినా, దీన్ని వైద్యంలో నిలబెట్టింది అమెరికా స్త్రీవ్యాధి నిపుణుడు ఆర్నాల్డ్ కెగెల్. 1948లో వెలువడిన వ్యాసంలో ఆయన వ్యాయామంతో పాటు పెరినియోమీటర్ అనే పరికరాన్నీ వివరించారు. యోనిలో ఉంచిన చిన్న గాలితిత్తిని కండరం ఎంత బలంగా నొక్కుతోందో ముల్లు చూపిస్తుంటే, స్త్రీ తన ప్రయత్నాన్ని తన కళ్లతోనే సరిచూసుకునేది. కంటికి కనిపించని ఈ కండరాన్ని చాలామంది మొదట గుర్తించలేరనీ, ముందు దాన్ని గుర్తించడం నేర్పాలనీ గ్రహించడమే కెగెల్ పద్ధతిలోని కీలకం. కాలక్రమంలో నేర్పే భాగం వెనకబడి, 'రోజూ బిగించి వదలండి' అనే ఒక్క మాటే ప్రచారంలో మిగిలింది. హఠయోగంలోని మూలబంధంలోనూ ఇదే ప్రాంతాన్ని బిగిస్తారు కాబట్టి యోగా తెలిసినవారికి ఇది కొత్త కాదనిపించవచ్చు. కానీ మూలబంధం ఉద్దేశం వేరు. ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎన్ని నెలలు చేస్తే మూత్రం ఆగుతుందన్న లెక్క ఈ చికిత్స ప్రత్యేకంగా తేల్చుకున్నది.

చేసే పద్ధతి

సరైన బిగింపులో కండరం లోపలికి, పైకి లేస్తుంది. అపానవాయువును ఆపుకునేటప్పుడు కలిగే స్పర్శ దానికి దగ్గరగా ఉంటుంది. ఊపిరి బిగబట్టకూడదు, పిరుదులు, తొడలు బిగుసుకోకూడదు. చాలామంది దీనికి పూర్తిగా విరుద్ధంగా, విరేచనానికి ముక్కినట్టు కిందికి తోస్తారు. 1991లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో 47 మంది స్త్రీలకు నోటిమాటగా క్లుప్తంగా చెప్పి పరీక్షిస్తే, సగం మందే సరిగా చేయగలిగారు. నలుగురిలో ఒకరు మూత్రం మరింత జారేలా చేస్తున్నారు. కాబట్టి శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు గానీ డాక్టరు గానీ రోగి అనుమతితో వేలితో పరీక్షించి, బిగింపు సరిగా ఉందని తేల్చడమే చికిత్సలో తొలి మెట్టు. ఆ తర్వాత మోతాదు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం పూటకు కనీసం 8 బిగింపులు, రోజుకు 3 పూటలు, పర్యవేక్షణలో కనీసం 3 నెలలు చేయాలి. కొన్ని బిగింపులను కొన్ని సెకన్లు నిలిపి ఉంచాలి, కొన్నింటిని చటుక్కున బిగించి వదలాలి. రోజంతా అవయవాలను మోసే కండర పోగులు మొదటి తీరుతోనూ, దగ్గుకు వెంటనే స్పందించే పోగులు రెండో తీరుతోనూ బలపడతాయి. మొదట పడుకుని, పట్టు చిక్కాక కూర్చుని, నిలబడి చేయాలి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని అలవాటుగా చేసుకోకూడదు. అది మూత్రాశయం పూర్తిగా ఖాళీ కావడాన్ని చెడగొట్టవచ్చు.

బలంతో పాటు సమయస్ఫూర్తినీ నేర్పాలి. తుమ్ము వస్తోందని తెలియగానే ముందుగా కండరాన్ని బిగించడం ఒక మెలకువ. 1998లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో, తేలిక నుంచి ఓ మోస్తరు సమస్య ఉన్న పెద్దవయసు స్త్రీలు వారం రోజుల్లోనే ఈ మెలకువ నేర్చుకుని దగ్గినప్పుడు జారే మూత్రాన్ని బాగా తగ్గించుకోగలిగారు. కండరం బలపడేందుకు నెలలు పట్టినా, వేళకు బిగించడం రోజుల్లో అలవడుతుందన్నమాట. తొందర రకం ఉన్నవారు పరుగు తీయకుండా ఆగి, నాలుగైదుసార్లు బిగించి, తొందర తగ్గాక నడిచి వెళ్లడం, మూత్రవిసర్జనల మధ్య వ్యవధిని క్రమంగా పెంచుకోవడం కూడా సాధన చేయాలి.

ఆధారాల బలం

2018 నాటి కాక్రేన్ సంస్థ సమీక్ష 14 దేశాల్లో 1,817 మంది స్త్రీలపై జరిగిన 31 పరీక్షలను కలిపి చూసింది. ఒత్తిడి రకం ఉండి వ్యాయామం చేసినవారిలో 56 శాతం మంది నయమైందని చెప్పగా, చికిత్స పొందనివారిలో అలా చెప్పింది 6 శాతం మందే. తొందర రకం ప్రధానంగా ఉన్న 55 ఏళ్లు దాటిన స్త్రీలపై 1998లో వచ్చిన అమెరికా పరీక్షలో, కండర శిక్షణతో కూడిన అలవాట్ల చికిత్స మూత్రం పడిపోయే సందర్భాలను సుమారు 81 శాతం తగ్గించింది. మందుతో తగ్గుదల 69 శాతం, ఉత్తుత్తి మాత్రతో 39 శాతం. 600 మంది స్త్రీలపై బ్రిటన్‌లో జరిగి 2020లో ప్రచురితమైన పరీక్ష, థెరపిస్టు పర్యవేక్షించే సాధనకు కండరం బిగింపును కంటికి చూపే ఎలక్ట్రానిక్ బయోఫీడ్‌బ్యాక్ యంత్రాన్ని జోడించినా అదనపు మేలు లేదని తేల్చింది. కెగెల్ పరికరం ఏ పని కోసం పుట్టిందో, ఆ పనిని బాగా నేర్పే మనిషి చేయగలరని దీని అర్థం.

అభ్యంతరాలు

ఈ పరీక్షల్లో వ్యాయామం చేస్తున్న సంగతి రోగికి తెలుసు, ఫలితం చెప్పేదీ ఆమే, కాబట్టి నమ్మకమే ఊరటగా కనిపించి ఉండవచ్చు అనేది మొదటి అభ్యంతరం. ఇది సహేతుకమే, పరీక్షల్లో చాలావరకు చిన్నవి కూడా. అయితే ప్యాడ్ బరువు తూచి కారిన మూత్రాన్ని కొలిచినప్పుడూ తగ్గుదల కనిపించింది. 56కు, 6కు మధ్య ఉన్న అంతరమంతా నమ్మకం ఒక్కటే తెచ్చిపెట్టిందనడం కష్టం.

రెండోది మరింత బలమైనది: శస్త్రచికిత్సే మెరుగు కదా? 2013లో నెదర్లాండ్స్‌లో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన ఒత్తిడి రకం ఉన్న 460 మంది స్త్రీలపై వచ్చిన పరీక్షలో, ఏడాది తర్వాత నయమైందన్నవారు శస్త్రచికిత్స వర్గంలో 85 శాతం, ఫిజియోథెరపీ వర్గంలో 53 శాతం. పైగా రెండో వర్గంలో 49 శాతం మంది చివరకు శస్త్రచికిత్సకే మారారు. దీన్ని దాటవేయకూడదు. సమస్య తీవ్రంగా ఉన్న స్త్రీ అన్నీ తెలుసుకుని శస్త్రచికిత్సనే ముందు కోరుకుంటే అది న్యాయమైన ఎంపిక. కానీ అవే అంకెలు మిగిలిన సగం మందికి ఆ ఏడాదిలో కోత అవసరపడలేదనీ చెబుతున్నాయి. ఆ పరీక్షలో నమోదైన దుష్ప్రభావాలన్నీ శస్త్రచికిత్సవే. ఇలాంటి శస్త్రచికిత్సలో మూత్రనాళం కింద అమర్చే మెష్ పట్టీల వల్ల కలిగిన హాని గురించి ఫిర్యాదులు పెరగడంతో 2018 జూలైలో ఇంగ్లండ్ వాటి వాడకాన్ని నిలుపుదల చేసింది. వ్యాయామం ఫలించకపోతే ఆపరేషన్ దారి తెరిచే ఉంటుంది. వేసిన మెష్‌ను తీయడం మాత్రం అంత తేలిక కాదు.

మూడో అభ్యంతరం, ఫలితం నిలవదన్నది. నార్వేలో ఒక బృందాన్ని 15 ఏళ్ల తర్వాత చూస్తే, గట్టి శిక్షణ పొందినవారికీ ఇంటివద్ద చేసుకున్నవారికీ మధ్య మొదట కనిపించిన తేడా చెరిగిపోయింది. ఏ కండరమైనా వాడకపోతే బలం కోల్పోతుంది, ఇది కూడా అంతే. అందుకే 3 నెలల కోర్సు తర్వాత తక్కువ మోతాదులోనైనా సాధన కొనసాగాలనీ, మధ్యమధ్య థెరపిస్టు పలకరింపు ఉండాలనీ చెప్పాల్సి వస్తుంది.

ఇంత శ్రద్ధగా నేర్పేవారు ఎక్కడున్నారన్నది చివరి అభ్యంతరం, మన రాష్ట్రాల్లో అత్యంత వాస్తవమైనదీ ఇదే. దీనికి కెనడా నుంచి ఒక దారి కనిపిస్తోంది. 2020లో ప్రచురితమైన పరీక్షలో 60 ఏళ్లు దాటిన 362 మందికి ముందు ఒకసారి విడిగా బిగింపు నేర్పి, తర్వాత కొందరికి ఒంటరిగా, కొందరికి 8 మంది చొప్పున బృందాలుగా 12 వారాలు శిక్షణ ఇచ్చారు. ఏడాది తర్వాత మూత్రం పడిపోయే సందర్భాలు రెండు వర్గాల్లోనూ 70 శాతం, ఆపైనే తగ్గాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మహిళా పొదుపు సంఘాల సమావేశాలు ఊరూరా అలవాటైనవే. ఒక్కొక్కరికి ఒకసారి చాటున పరీక్ష, తర్వాత అందరికీ కలిపి సాధన అనే పద్ధతి అలాంటి వేదికకు సరిగ్గా అమరుతుంది.

హద్దులు

మూత్రంలో రక్తం, మంట, ఎడతెగని కారుడు, గర్భసంచి బయటికి జారడం, కాళ్లలో కొత్తగా తిమ్మిరి లేదా బలహీనత ఉంటే వ్యాయామానికి ముందు డాక్టరును కలవాలి. కటి కండరాలు ముందే బిగుసుకుపోయి నొప్పి ఉన్నవారికి మొదట వదలడం నేర్పాలి. అధిక బరువు తగ్గడం, మలబద్ధకాన్ని సరిచేసుకోవడం చికిత్సకు తోడ్పడతాయి. నీళ్లు తాగడం మానేయడం మాత్రం మలబద్ధకాన్ని పెంచి ఎదురుదెబ్బ తీస్తుంది. 'కాన్పులయ్యాక ఇది మామూలే' అన్న మాటలో సగం నిజముంది: సమస్య సర్వసాధారణమే. కానీ సాధారణమైనదల్లా భరించాల్సింది కాదు. ప్రసవానంతర పరీక్షకు వచ్చిన ప్రతి స్త్రీనీ 'దగ్గితే మూత్రం పడుతోందా?' అని అడిగి, అవునంటే బిగింపు సరిగా నేర్పి పంపడంతోనే ఈ చికిత్స మొదలవుతుంది.