వింటినారి లెక్క – గోదావరి వంతెనలు, ఉక్కు సాగుదల

పిఠాపురంలో రైలెక్కి, సామర్లకోట, ద్వారపూడి మీదుగా రాజమండ్రి చేరి, గోదావరి దాటి కొవ్వూరు వైపు వెళ్లని వారు మన పింఛనుదారులలో అరుదు. వంతెన మీదికి రైలు రాగానే నదిలోకి పైసలు విసిరి దణ్ణం పెట్టుకున్న వాళ్లమే మనమంతా. మన తరం ఆ నది మీద మూడు రైలు వంతెనలను చూసింది. ఆ మూడింటి వెనుకా ఒక చిన్న లెక్క ఉంది. లాగితే ఉక్కు ఎంత సాగుతుంది? అదే ఆ లెక్క.

రబ్బరు సాగుతుందని పసివాడికీ తెలుసు. ఉక్కు కూడా సాగుతుంది, వదిలితే మళ్లీ యథాస్థితికి వస్తుంది. కాకపోతే అది కంటికి కనిపించనంత తక్కువ. ఒక హద్దులోపల బలం ఎంత పెరిగితే సాగుదల అదే నిష్పత్తిలో పెరుగుతుందని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. 1807లో థామస్ యంగ్ తన ఉపన్యాసాల్లో ప్రతి పదార్థానికీ ఒక గుణకం ఉంటుందని వివరించాడు. హైస్కూలులో మనం వల్లించిన యంగ్ గుణకం అదే. బలాన్ని పొడవుతో హెచ్చించి, వైశాల్యంతోనూ గుణకంతోనూ భాగిస్తే సాగుదల వస్తుంది. ఉక్కుకు ఈ గుణకం చదరపు సెంటీమీటరుకు సుమారు 20 లక్షల కిలోలు. మెత్తని ఉక్కుకైనా గట్టి ఉక్కుకైనా దాదాపు ఇదే అంకె. ఈ మాట గుర్తుంచుకోవాలి, ముందు పని ఉంది.

మొదటి వంతెన 1897లో ప్రారంభమై 1900లో రైళ్లకు తెరుచుకుంది. నాటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు దానికి పెట్టారు. 150 అడుగుల ఉక్కు దూలాలతో 56 ఖానాలు. తెల్లవారుజాము చలికీ మిట్టమధ్యాహ్నపు ఎండకీ ఉక్కు వేడిలో 30 డిగ్రీల తేడా వస్తే, అంత దూలం 16 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు కొసలూ కదలకుండా బిగిస్తే చదరపు సెంటీమీటరుకు 700 కిలోలకు పైగా ఒత్తిడి పుడుతుంది. ఉక్కు వంతెనల్లో దూలం ఒక కొసను బిగించి, రెండో కొసకు జరిగే వీలు ఉంచేది అందుకే.

రెండవది పైన రోడ్డు, కింద రైలు నడిచే ఉక్కు వంతెన. 1974లో వాడుకలోకి వచ్చింది.

మూడవది ఆర్చి వంతెన. 1991లో పని మొదలై 1997లో రైళ్లు నడిచాయి. హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ కట్టింది. 97.55 మీటర్ల ఖానాలు 28. ఇది కాంక్రీటు వంతెన. విల్లును నిలబెట్టినట్టు పైన కమాను, వింటినారిలా కింద దూలం. రైలు బరువుకు కమాను కొసలు బయటికి తన్నుకుంటాయి, నారి వాటిని పట్టి ఉంచాలి. అంటే నారి మీద పడేది లాగుడు. కాంక్రీటు నొక్కుడుకు గట్టిదే గాని, లాగుడుకు ఇట్టే బీటలిస్తుంది. అందుకని ఆ దూలంలో ఉక్కు కేబుళ్లు అమర్చి, జాకీలతో లాగి బిగిస్తారు. అలా లాగిన ఉక్కు కాంక్రీటును ముందే నొక్కి పెడుతుంది. దీన్నే ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు అంటారు.

ఈ ఉపాయం మన పల్లెలకు కొత్త కాదు. బండి చక్రానికి ఇనుప పట్టా ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్లు పోసేవారు. చల్లారిన పట్టా కుంచించుకోబోయి, చెక్క అడ్డుపడటంతో సాగి ఉండిపోయి, చక్రాన్ని నలువైపులా బిగించేది.

కాంక్రీటులో ఇది కుదరడానికి మాత్రం చాలా కాలం పట్టింది. తొలి ప్రయత్నాల్లో మామూలు ఉక్కు వాడితే కొన్నాళ్లకే బిగువు పోయేది. కారణం గ్రహించి 1928లో పేటెంటు పొందినవాడు ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ ఫ్రెసినె. కాంక్రీటు ఏళ్ల తరబడి నెమ్మదిగా కుంచించుకుపోతుంది. ఆ మేరకు లోపలి ఉక్కు సాగుదల కూడా తగ్గిపోతుంది.

గుండు అంకెలతో లెక్క వేద్దాం. ఇవి అర్థం కావడానికి తీసుకున్నవే గాని, ఆ వంతెన నమూనా కాగితాల్లోవి కావు. కేబులు పొడవు 97.5 మీటర్లు అనుకోండి. మామూలు ఉక్కును చదరపు సెంటీమీటరుకు 1,400 కిలోలతో లాగితే అది సాగేది 7 సెంటీమీటర్లు. కాంక్రీటు మీటరుకు ముప్పాతిక మిల్లీమీటరు కుంచించుకున్నా, మొత్తం 7 సెంటీమీటర్లకు పైమాటే. బిగువంతా హరించుకుపోయింది! అదే గట్టి ఉక్కు తీగలను 10,000 కిలోలతో లాగితే, పొడవులో 200వ వంతు, అంటే 49 సెంటీమీటర్లు సాగుతాయి. అందులో 7 పోయినా 42 మిగులుతాయి. గుణకం రెంటికీ ఒకటే. కాబట్టి ఎక్కువ సాగదీయాలంటే ఎక్కువ బలం ఓర్చుకునే ఉక్కు కావాలి. ఫ్రెసినె పట్టుకున్న కీలకం ఇదే.

పని జరిగేచోట ఈ లెక్కే కాపలాదారు. జాకీ గేజి ఒక సాక్షి, కేబులు ఎంత సాగిందో కొలిచే టేపు రెండో సాక్షి. గొట్టంలో రాపిడికి పోయేది మినహాయించి, లెక్క కట్టిన సాగుదలకూ కొలిచినదానికీ సాధారణంగా నూటికి ఐదు పాళ్లలోపు తేడానే ఒప్పుకుంటారు. గేజి పూర్తి బలం చూపినా సాగుదల తక్కువైతే, కేబులు లోపల ఎక్కడో ఇరుక్కుందేమోనని చూడాలి. సాగుదల ఎక్కువైతే తీగ తెగిందా, యాంకరు దగ్గర జారిందా అని చూడాలి. ఏదైనా సరే, పని ఆపి కారణం వెతకవలసిందే. తరువాత గొట్టాల్లోకి సిమెంటు పాలు ఎక్కించేస్తారు. ఇక ఆ కేబులును ఎవరూ చూడలేరు. ఆనాడు రిజిస్టరులో రాసిన అంకెలే మిగిలే సాక్ష్యం.

హేవలాకు వంతెన 1997లో, దాదాపు నూరేళ్ల సేవ తరువాత, రైళ్ల నుంచి విశ్రాంతి పొందింది. ఆర్చి వంతెన ఆ భారం అందుకుంది. కొలిచింది కొలిచినట్టు రాయడం ఎంత ముఖ్యమో, జీవితమంతా రిజిస్టర్ల మధ్య గడిపిన మనకు వేరే చెప్పనక్కరలేదు. ఈసారి మనవలతో గోదావరి దాటేటప్పుడు ఆ కమానులు చూపించి, కింది నారి సంగతి కూడా చెప్పండి. యంగ్ గుణకం పరీక్ష కోసం బట్టీ పట్టేది మాత్రమే కాదని వారికి తెలుస్తుంది.