ఢిల్లీ శిలలపై ప్రాణికోటికి అభయం

ఢిల్లీ పేరు వినగానే కుతుబ్ మినార్, ఎర్రకోట, పార్లమెంటు భవనం కళ్ళ ముందు నిలుస్తాయి. బౌద్ధ క్షేత్రాలను తలచుకొన్నప్పుడు లుంబిని, బుద్ధగయ, సారనాథ్, కుశీనగరం గుర్తుకు వస్తాయి. తెలుగువారికైతే వాటి సరసన అమరావతి, నాగార్జునకొండ, బొజ్జన్నకొండ కూడా స్ఫురిస్తాయి. ఆ వరుసలో ఢిల్లీని ఎవరూ చేర్చరు. అయితే దేవానాంప్రియ ప్రియదర్శి అశోక చక్రవర్తి ధర్మవాక్కులు చెక్కిన శిలలు మూడు ఈ మహానగరంలోనే ఉన్నాయి. వాటిలో ఒకటి మనిషితో పాటు చిలుకకు, గబ్బిలానికి, తాబేలుకు కూడా అభయమిచ్చిన శాసనాన్ని మోస్తున్నది. ఉద్యోగ వ్యాపారాల నిమిత్తం రాజధానిలో స్థిరపడిన మనలో అనేకులు ఆ శిలల పక్కనుంచే నిత్యం ప్రయాణిస్తున్నా, అక్కడ ఏమున్నదో ఎరిగినవారు తక్కువ.

మూడు శిలలు

మొదటిది ఫిరోజ్ షా కోట్లా శిథిలాలలో, మెట్లు మెట్లుగా కట్టిన ఒక కట్టడంపై నిలిచిన ఏకశిలాస్తంభం. దీని ఎత్తు సుమారు 13 మీటర్లు. వారణాసికి సమీపంలోని చునార్ గనుల ఇసుకరాయితో మలచి, అద్దంలా నునుపు తేల్చినది. ఇది మొదట నేటి హర్యానాలోని యమునానగర్ జిల్లా తోప్రా గ్రామంలో ఉండేది. రెండవది ఉత్తర ఢిల్లీ రిడ్జ్ మీద, హిందూరావ్ ఆసుపత్రి సమీపంలో ఉన్న స్తంభం. ఇది మీరట్ నుంచి వచ్చింది. ఫరూఖ్ సియర్ కాలంలో, అంటే 1713-1719 మధ్య, మందుగుండు నిల్వ పేలి ఇది అయిదు ముక్కలైంది. ఆ ముక్కలను అతికించి 1867లో ఇప్పుడున్న చోట నిలబెట్టారు.

మూడవది స్తంభం కాదు, ఎక్కడినుంచో తెచ్చినదీ కాదు. దక్షిణ ఢిల్లీలో శ్రీనివాస్‌పురి దగ్గర, కాల్కాజీ ఆలయానికి కొద్ది దూరంలో, ఆరావళి పర్వతశ్రేణి కొనసాగింపుగా పైకి తేలిన ఒక బండ. దాని ముఖంపై ఉన్న లఘు శిలాశాసనాన్ని 1966లో ఒక భవన నిర్మాణ గుత్తేదారు గమనించాడు. పాత గ్రామనామాన్ని బట్టి దీనిని బహాపూర్ శాసనం అంటారు. రెండు స్తంభాలనూ సుల్తాను తెప్పించాడు గనుక ఢిల్లీకీ అశోకునికీ ప్రత్యక్ష సంబంధం లేదని అంతవరకూ భావించే వీలుండేది. ఈ బండ వెలుగులోకి రావడంతో ఆ భావన తొలగిపోయింది. మౌర్యుల కాలంలోనే ఈ ప్రాంతం మీదుగా జనసంచారం ఉండేదనడానికి ఇది బలమైన సాక్ష్యం.

బూరుగు దూది పరుపు

తోప్రా స్తంభాన్ని ఢిల్లీకి తెచ్చినది పద్నాలుగవ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్. ఆ తరలింపు ఎలా జరిగిందో షంస్ సిరాజ్ అఫీఫ్ అనే చరిత్రకారుడు వివరంగా రాసిపెట్టాడు. స్తంభం చుట్టూ బూరుగు దూదిని గుట్టలుగా పోయించి, మొదలు వద్ద మట్టిని తవ్వించగా, స్తంభం ఆ దూది పరుపుపై మెల్లగా ఒరిగింది. తరువాత దూదిని కొంచెం కొంచెంగా తీసివేసి నేలకు దించారు. పగుళ్ళు రాకుండా రెల్లుతోనూ పచ్చి తోళ్ళతోనూ చుట్టారు. 42 చక్రాల బండిపైకి ఎక్కించి, ఒక్కొక్క చక్రానికి కట్టిన మోకును ఇన్నూరు మంది చొప్పున లాగుతూ యమునా తీరానికి చేర్చారు. అక్కడినుంచి పెద్ద పడవలపై నదీమార్గాన రాజధానికి తెచ్చారు.

రాతికి చిన్న దెబ్బ అయినా తగలకూడదని అంత జాగ్రత్త పడిన సుల్తాను, దానిపై ఏమి రాసి ఉన్నదో తెలుసుకోవాలని పండితులను పిలిపించాడు. ఎవరూ చదవలేకపోయారు. ఆ స్తంభాలు భీమసేనుని చేతికర్రలని లోకులు చెప్పుకొనేవారు. పదిహేడవ శతాబ్దంలో వచ్చిన ఆంగ్ల యాత్రికుడు టామ్ కోర్యాట్, ఆ నునుపు చూసి అది ఇత్తడి స్తంభమనీ, దానిపై ఉన్నది గ్రీకు లిపి అనీ, అలెగ్జాండర్ పాతించినదనీ భ్రమపడ్డాడు. చక్రవర్తి ప్రజలకోసం ప్రజల భాషలో చెక్కించిన మాటలు అనేక శతాబ్దాలపాటు మూగబోయాయి.

1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ బ్రాహ్మీ లిపిని ఛేదించిన తరువాత కూడా, శాసనాలలో పేర్కొన్న ప్రియదర్శి ఎవరన్న ప్రశ్న మిగిలింది. సమాధానం సింహళం నుంచి వచ్చింది. అక్కడ ఉద్యోగంలో ఉన్న జార్జ్ టర్నర్, దీపవంశాన్ని ఆధారం చేసుకొని ప్రియదర్శి అంటే అశోకుడేనని చూపాడు. భారతదేశం మరచిపోయిన చక్రవర్తిని సింహళ భిక్షుసంఘం తన గ్రంథాలలో కాపాడింది. 1915లో నాటి నిజాం రాజ్యంలోని మస్కి వద్ద బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు కనుగొన్న శాసనంలో అశోకుడన్న పేరే కనిపించడంతో టర్నర్ నిర్ణయం స్థిరపడింది.

అభయం పొందిన జీవులు

ఈ స్తంభంపై ఉన్న శాసనాలలో అయిదవది ప్రకృతి చరిత్రలో ప్రత్యేక స్థానం గలది. పట్టాభిషేకమైన ఇరవైయారేళ్ళకు, అంటే క్రీ.పూ. 242 ప్రాంతంలో, వెలువడిన ఈ శాసనం చంపకూడని ప్రాణులను పేరుపేరునా చెబుతుంది. చిలుక, గోరువంక, చక్రవాకం, హంస, గబ్బిలం, తాబేలు, ముళ్ళపంది, ఖడ్గమృగం, తెల్ల పావురం, ఊర పావురం ఆ జాబితాలో ఉన్నాయి. చివరకు ఒక జాతి చీమకు, ఎముక లేని చేపకు కూడా అందులో చోటు దక్కింది. మనిషికి ఉపయోగపడనివీ ఆహారం కానివీ అయిన నాలుగుకాళ్ళ జంతువులన్నింటికీ అభయం లభించింది. ఉపయోగం లేదు గనుక చంపినా తప్పులేదనే లోకరీతికి ఇది పూర్తిగా విరుద్ధమైన తర్కం.

జాబితాలోని కొన్ని పేర్లు ఏ ప్రాణులవో పండితులు నేటికీ తేల్చలేదు. ‘గంగాపుపుటక’ అన్న పేరును గంగానదిలో నివసించే డాల్ఫిన్‌గా అనేకులు గుర్తించారు. భారత ప్రభుత్వం 2009లో జాతీయ జలచరంగా ప్రకటించిన ప్రాణి ఇదే. ఆ గుర్తింపు సరియైనదైతే, ఇరవైరెండు శతాబ్దాల క్రితమే దానికి రాజరక్షణ లభించిందన్నమాట. ఆ పేరు చెక్కిన స్తంభం యమునకు దగ్గరలోనే నిలిచి ఉన్నది. ఢిల్లీ దగ్గరి యమునలో మాత్రం నేడు డాల్ఫిన్ లేదు.

జాబితా తరువాతి నిబంధనలు మరింత సూక్ష్మమైనవి. సూడివీ పాలిచ్చేవీ అయిన మేకలను, గొర్రెలను, పందులను చంపరాదు. ఆరు నెలలు నిండని వాటి పిల్లలనూ చంపరాదు. ఒక ప్రాణిని మరొక ప్రాణికి మేతగా వేయరాదు. నిష్కారణంగా గాని, జీవహింస కోసం గాని అడవులను తగులబెట్టరాదు. చాతుర్మాస్య పౌర్ణములలోను, ఉపోసథ దినాలలోను చేపలను చంపడం, అమ్మడం నిషిద్ధం. నేడు మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటను ఆపుతున్నారు. ఆ విరామం మత్స్యసంపద వృద్ధి కోసం; అశోకుని విరామం ఉపోసథ శీలం కోసం. ఉద్దేశాలు వేరైనా, చేపకు కొన్నాళ్ళు నిర్భయంగా బ్రతికే హక్కు ఇవ్వాలన్న నియమం ఈ దేశానికి కొత్తది కాదు.

వీటి నడుమ ఒక చిన్న నిబంధన ఉన్నది: ప్రాణులున్న పొట్టును తగులబెట్టరాదు. ధాన్యపు పొట్టులో దాగిన పురుగులను కూడా తలచిన మాట ఇది. ఈ స్తంభం మొదట నిలిచిన తోప్రా నేటి హర్యానాలోనిది. అదే హర్యానాలో, పొరుగున పంజాబులో, వరికోతలు ముగిశాక పొలాలలో మిగిలిన గడ్డిదుబ్బులకు ఏటా నిప్పు పెడుతున్నారు. శీతాకాలారంభంలో రాజధానిని కమ్మే విషధూమానికి వాహనాలు, పరిశ్రమలు, నిర్మాణాల ధూళితో పాటు ఆ పొగ కూడా ఒక కారణం. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ దహనాన్ని నిషేధించింది. అయినా మంటలు ఆగలేదు. వరికోతకూ గోధుమ విత్తనానికీ మధ్య రైతుకు దొరికే వ్యవధి అతి స్వల్పం. ఖర్చు లేని మరో మార్గం అతనికి కనబడదు. ఆజ్ఞ ఉన్నది, ఆచరణ లేదు.

ఆజ్ఞ కన్న మననం మిన్న

ఈ చిక్కును అశోకుడు ఎరుగును. అతని సమాధానం కూడా ఇదే స్తంభంపై ఉన్నది. ఆరు శాసనాలు వేరే స్తంభాలపైనా కనిపిస్తాయి గాని, ఏడవ శాసనం పూర్తిగా లభించినది తోప్రా స్తంభం మీదనే. పట్టాభిషేకమైన ఇరవైయేడేళ్ళకు రాయించిన ఈ శాసనంలో చక్రవర్తి తన జీవితకృషిని సమీక్షించుకొన్నాడు. మనుషులకూ పశువులకూ నీడనివ్వాలని బాటల వెంట మర్రిచెట్లు నాటించానని, మామిడితోపులు వేయించానని, బావులు తవ్వించానని, చలిపందిళ్ళు పెట్టించానని చెప్పుకొన్నాడు. వెంటనే, ఇటువంటి సౌకర్యాలు మునుపటి రాజులూ కల్పించారని, ఇవి స్వల్పమని, ప్రజలు ధర్మాన్ని ఆచరించాలన్నదే తన ఆశయమని అన్నాడు.

ఆపైన వచ్చే మాట ఈ శిలలన్నింటిలో అమూల్యమైనది. ధర్మవృద్ధి రెండు విధాలుగా జరుగుతుందని అతడు చెప్పాడు. ఒకటి నియమం, అంటే ఆజ్ఞ. రెండవది ‘నిఝతి’, అంటే ఎవరికి వారు తరచి చూసుకొని అంగీకరించడం, మననం. ఈ రెంటిలో నియమం అల్పమైనదని, నిఝతియే గొప్పదని ప్రకటించాడు. ఫలానా ప్రాణులు అవధ్యములని నేనే ఆజ్ఞ ఇచ్చాను, కాని ప్రాణిహింస తగ్గినది ప్రధానంగా మననం వల్లనే అని దాని సారాంశం. మహాసామ్రాజ్యాన్ని ఏలిన ప్రభువు, తాను నిరుడు వెలువరించిన శాసనానికి పరిమితి ఉన్నదని, అదే రాతిపై, తన పేరుతోనే ఒప్పుకొన్నాడు. ఇటువంటి రాజశాసనం ప్రపంచ చరిత్రలో అరుదు.

బుద్ధ భగవానుని బోధకు ఇది ఎంత సన్నిహితమో వివరించనక్కరలేదు. ఎవరో చెప్పారని గాక, స్వయంగా పరీక్షించి గ్రహించమన్న శాస్త ఉపదేశం ఇక్కడ రాజనీతిగా మారింది.

బహాపూర్ నుంచి ఎర్రగుడి వరకు

బహాపూర్ బండమీది శాసనంతో తెలుగువారికి ఆత్మీయమైన బంధం ఉన్నది. దాని పాఠమే కర్నూలు జిల్లాలో, గుత్తి-పత్తికొండ మార్గానికి చేరువలోని ఎర్రగుడి బండలపైనా కనిపిస్తుంది. ఎర్రగుడి శాసనాలను 1929లో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కనుగొన్నాడు. పద్నాలుగు శిలాశాసనాలతో పాటు రెండు లఘు శాసనాలూ ఒకేచోట ఉండటం అక్కడి విశేషం. లఘు శాసనంలోని కొన్ని పంక్తులను ఎడమనుంచి కుడికి, మరికొన్నింటిని కుడినుంచి ఎడమకు చెక్కిన వింత కూడా అక్కడ చూడవచ్చు. రాజు వంటశాలలో రోజూ లక్షలాది ప్రాణులు వధ అయ్యేవని, ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక లేడి మాత్రమేనని, ఇకపై అవి కూడా ఉండవని చెప్పే మొదటి శిలాశాసనం అక్కడ ఉన్నది. మనుషులకూ పశువులకూ వైద్యం, మూలికల పెంపకం గురించి చెప్పే రెండవ శాసనమూ, ఆంధ్రులను పేర్కొన్న పదమూడవ శాసనమూ ఆ బండలపైనే ఉన్నాయి. దగ్గరలోని జొన్నగిరి పొలాలలో తొలకరి కురియగానే వజ్రాల కోసం జనం గుమికూడతారు. ఈ బండల దాకా నడిచేవారు స్వల్పం.

ఢిల్లీ బండ, ఎర్రగుడి బండ చెప్పే సంగతి ఒక్కటే. ఉపాసకుడినై రెండున్నర సంవత్సరాలు దాటినా మొదట గట్టిగా ప్రయత్నించలేదని, సంఘానికి చేరువైన తరువాతనే తీవ్రంగా కృషి చేశానని చక్రవర్తి చెప్పుకొన్నాడు. ఈ ఫలం గొప్పవారికే పరిమితం కాదని, పట్టుదలతో ప్రయత్నిస్తే అల్పుడు కూడా దీనిని అందుకోగలడని ప్రకటించాడు. జన్మ చేత అల్పులని ముద్రపడిన కోట్లాది ప్రజలకు ఈ మాట ఎంతటిదో బాబాసాహెబ్ అంబేద్కర్ మార్గంలో నడిచే మనకు తెలుసు. ఆయన 1956 డిసెంబరు 6న పరినిర్వాణం పొందిన 26, అలీపూర్ రోడ్డు గృహం, మీరట్ స్తంభం నిలిచిన రిడ్జ్‌కు ఎంతో దూరంలో లేదు. ఏటా అక్కడ నివాళులర్పించేవారు ఆ స్తంభాన్ని కూడా దర్శించడం ఎంతైనా ఉచితం.

మన కర్తవ్యం

నేడు ఫిరోజ్ షా కోట్లాలో గురువారాలు జనం బారులు తీరుతారు. అక్కడ జిన్నులు ఉన్నాయనే నమ్మకంతో తమ కష్టాలను కాగితాలపై రాసి గోడల గూళ్ళలో ఉంచుతారు. తలపైనున్న స్తంభం మీద, మరణశిక్ష పడినవారి బంధువులు మొరపెట్టుకొనేందుకు మూడు దినాల గడువు ఇచ్చిన నాలుగవ శాసనం చెక్కి ఉన్నది. మొర వినడానికి సిద్ధపడిన చక్రవర్తి మాట అక్కడే ఉన్నా చదివి చెప్పేవారు లేరు.

బూరుగు దూది పరుపు రాతిని కాపాడింది, అర్థాన్ని కాపాడలేకపోయింది. అర్థాన్ని నిలిపినది తరతరాలుగా వల్లెవేసి, రాసి, బోధించిన భిక్షుసంఘం. కట్టడాల రక్షణ పురావస్తు శాఖ బాధ్యత కావచ్చును. అర్థాన్ని రక్షించవలసినది మనమే. ఢిల్లీలో నివసించే ప్రతి తెలుగు బౌద్ధ కుటుంబం ఏడాదిలో ఒక్క ఉపోసథ దినాన అయినా పిల్లలతో ఈ మూడు శిలల వద్దకు వెళ్ళాలి. అయిదవ శాసనంలోని ప్రాణుల పేర్లు వారికి చెప్పి, వాటిలో ఏవి ఇంకా మన చుట్టూ ఉన్నాయో, ఏవి కనుమరుగయ్యాయో లెక్కించమనాలి. ఆ పిల్లల మనసులో మొదలయ్యే ఆలోచనే అశోకుడు చెప్పిన నిఝతి. ఏ నిషేధాజ్ఞా చేయలేని పని అది చేయగలదు.

సబ్బే సత్తా సుఖితా హోంతు.