ఉన్నత పాఠశాలలో ఒక ఉత్తరువు

ఉన్నత పాఠశాల జీవితంలో ప్రకటన అతి సామాన్యమైన విషయం. సెలవు దినాలు, పరీక్షల తేదీలు, జీతాలు చెల్లించవలసిన గడువు మొదలైనవి ప్రధానోపాధ్యాయుడు వ్రాసి పంపుతాడు. నౌకరు ఆ పుస్తకాన్ని తరగతి తరగతికీ తిప్పుతాడు. ఉపాధ్యాయుడు చదివి వినిపిస్తాడు. పిల్లలు సెలవు మాట శ్రద్ధగా విని, తక్కినవి మరచిపోతారు. కాని 1905లో వంగదేశపు బడులకు చేరిన ఒక ఉత్తరువును మాత్రం ఎవరూ మరచిపోలేకపోయారు.

ఆ సంవత్సరం జూలైలో బెంగాల్ విభజన నిర్ణయం వెలువడింది. ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాలు సభ విదేశవస్తు బహిష్కారాన్ని ప్రకటించింది. దుకాణాల ముందు నిలిచి విదేశీ వస్త్రాలు కొనవద్దని వేడుకొన్నవారిలో విద్యార్థులు విశేషంగా ఉండేవారు. వారిని అదుపుచేసే భారాన్ని ప్రభుత్వం ఉపాధ్యాయుల మీద మోపింది. ప్రభుత్వ కార్యదర్శి కార్లైల్ అక్టోబరు 10న జిల్లా అధికారులకు ఒక ఉత్తరువు పంపాడు. విద్యార్థులను ఉద్యమానికి దూరంగా ఉంచని పాఠశాలకు ధనసహాయం నిలిచిపోతుంది. అందలి బాలురు విద్యార్థివేతనాలకు పోటీచేసే అర్హత కోల్పోతారు. విశ్వవిద్యాలయపు గుర్తింపు సైతం పోవచ్చు. అవసరమైతే ఉపాధ్యాయులనే ప్రత్యేక కానిస్టేబుళ్లుగా నియమించవచ్చునని కూడ అందులో ఉంది.

ఆనాటి విద్యావిధానం ఎరిగినవారికి ఈ మాటల బరువు తెలుస్తుంది. గుర్తింపు లేని బడి తన బాలురను విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షకు పంపలేదు. ఆ పరీక్ష లేనిదే కళాశాల లేదు. కళాశాల లేనిదే మంచి ఉద్యోగం లేదు. పేద తండ్రి కొడుకుపై పెట్టుకొన్న ఆశ యావత్తూ ఆ గుర్తింపు మీదనే నిలిచి ఉండేది.

అయినప్పటికీ జనం లొంగలేదు. రంగపూరులో స్వదేశీ సభకు వెళ్లిన విద్యార్థులకు జుల్మానా విధించగా, ఆ ఊరివారు నవంబరు 8న తామే ఒక జాతీయ పాఠశాలను తెరిచారు. బహిష్కృతులైన బాలుర కోసం శచీంద్రప్రసాద్ బోసు ప్రభృతులు అదే నెలలో కలకత్తాలో ఆంటీ సర్క్యులర్ సొసైటీని స్థాపించారు. ఢాకాలో లెఫ్టినెంట్ గవర్నరు ఫుల్లర్ రాకకు నిరసన తెలిపి, బడినీ విద్యార్థివేతనాన్నీ పోగొట్టుకొన్నవారిలో ఒక పల్లెటూరి దుకాణదారుని కుమారుడున్నాడు. వేరొక బడి అతనిని చేర్చుకొన్నది. ఆ బాలుడే శాస్త్రవేత్త మేఘనాద్ సాహా.

విచిత్రమేమంటే, ఈ శిక్ష తుదకు అధికారికే ఎదురుతిరిగింది. సిరాజ్‌గంజ్‌లోని రెండు పాఠశాలల గుర్తింపు తీసివేయవలెనని ఫుల్లర్ పట్టుబట్టాడు. భారత ప్రభుత్వం ఆ కోరికను ఉపసంహరించుకోమన్నది. ఆయన రాజీనామా ఇచ్చాడు. 1906 ఆగస్టులో అది ఆమోదింపబడింది. ఈ గాలి ఆంధ్రదేశానికీ వీచింది. 1907లో విపినచంద్రపాలుని ఉపన్యాసాల పిమ్మట రాజమహేంద్రవరపు కళాశాలలలో విద్యార్థులు శిక్షకు గురైనారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వారిలో ఒకరు.

జాతీయ పాఠశాలలు పెక్కు దీర్ఘకాలం నిలువలేదు. వాటికి ధనమూ లేదు, వాటి పట్టాలకు ఉద్యోగమూ లేదు. బాలురలో చాలమంది మరల గుర్తింపు గల బడులనే ఆశ్రయించవలసి వచ్చింది. 1911లో విభజన రద్దయినట్లు ఢిల్లీ దర్బారులో ప్రకటించారు. బడి విడిచిన బాలుర చదువును ఏ ప్రకటనా తిరిగి ఇవ్వలేదు. గురువును కాపలావానిగా మార్చజూచిన ఉత్తరువు విద్యార్థిని రాజకీయాలకు దూరం చేయలేదు. రాజకీయాలనే తరగతి గదిలోనికి తెచ్చి కూర్చుండబెట్టింది.